‘బావుంది’ అనకూడని కొట్టు

ఆయన కొత్త బట్టలు కుట్టడు. కుట్టినవాటిని సరిచేస్తాడు. వదులైతే బిగిస్తాడు, బిగుతైతే వదులు చేస్తాడు, పొడుగైతే మడిచి కుడతాడు. ఇంటి ముందుగదే కొట్టు. ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల, గుడ్డ కత్తిరించే పెద్ద బల్ల. ముందుగదికీ వెనక గదికీ మధ్య ఒక కర్టెన్. కర్టెన్ వెనక వంటిల్లు, భార్య.

పెద్ద బల్ల మీద ముదురు నీలం దుప్పటి పరిచి ఉంటుంది. తోచిన వాక్యం దాని మీద సుద్దతో రాసేవాడు. కాసేపు చూసేవాడు. నచ్చితే కాగితం మీదికి ఎక్కేది. లేకపోతే మోచేత్తో తుడిచేసేవాడు. అలా చాలా ఏళ్ళు కథలు రాశాడు. వినడానికి భార్య ఒక్కతే ఉండేది.

“బావుంది,” అనేది ఆవిడ, కూర కలుపుతూ.

“ఇంకా మొదలే పెట్టలేదే!”

“మీరు రాసింది బావుండక ఏం చేస్తుంది?”

ఆయన కాగితాలు మడిచి లోపల పెట్టేసేవాడు. కోపమేమీ లేదు. గోడకు కొట్టిన బంతి తిరిగొస్తుంది. దూదికి కొట్టింది అక్కడే ఉండిపోతుంది.

ఒక ఉదయం, రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన ప్యాంటు పట్టుకుని వచ్చాడు. టైలరు తుడిచే లోపలే బల్ల మీది అక్షరాలు చదివేశాడు. ‘వాన వెలిసింది కానీ చూరు ఒప్పుకోలేదు’ అని ఉంది.

“ఎవరు రాశారు?”

“నేనే. ఊరికే.”

“ఊరికేనా! ఆ ‘కానీ’ తీసెయ్ తమ్ముడూ. మలుపులో లారీ ఆపినట్టుంది.”

టైలరు వేలితో ఆ మాట చెరిపేశాడు. ఇద్దరూ బల్ల మీదికి వంగి చూశారు.

“మీరూ రాస్తారా అన్నయ్యా?”

“బస్సు ఆగినప్పుడల్లా రాసేవాణ్ణి. ఇప్పుడు బస్సు లేదు, రాత ఉంది.”

ఆ రోజు ప్యాంటు మడత కుట్టడం ఇద్దరూ మర్చిపోయారని భార్య ఇప్పటికీ చెబుతుంది.

తర్వాత ఆసుపత్రి నర్సమ్మ చేరింది. ఆ తర్వాత నేను. కొట్టు సెలవు రోజు సాయంత్రం కలిసేవాళ్ళం. ఉన్నది ఒకే నియమం, టైలరు పెట్టింది. ఎవరు ఏం చదివినా ‘బావుంది’ అనకూడదు. ఎక్కడ నిలబడిందో, ఎక్కడ జారిందో చెప్పాలి. నోరు జారినవాళ్ళు అందరికీ టీ పెట్టాలి. మొదట్లో ప్రతి వారం నేనే పెట్టేవాణ్ణి.

“ఆ లెక్కన నేను జన్మంతా టీ పెడుతూనే ఉండాలి,” అనేది ఆవిడ కర్టెన్ వెనక నుంచి.

వినేటప్పుడు ఆయన సూది కూడా పట్టేవాడు కాదు. చేతులు ఖాళీగా ఒళ్ళో పెట్టుకుని వినేవాడు. ఖాళీ చేతులతో కూర్చున్న టైలర్ని నేను మరెక్కడా చూడలేదు.

ఒక సాయంత్రం డ్రైవరు తన తమ్ముడి గురించి రాసి తెచ్చాడు. తమ్ముడు ఆయన బస్సులోనే కండక్టరు. పోయి ఏడాది. బంగారంలాంటివాడట. ఒకరిని పల్లెత్తు మాట అనలేదట. అందరికీ తలలో నాలుకట. నర్సమ్మ కళ్ళొత్తుకుని, “బావుంది బాబాయ్,” అంటూ తనే టీ పెట్టడానికి లేచింది. నేనూ లేవబోయాను.

“కూర్చో అమ్మా,” అన్నాడు టైలరు. “అన్నయ్యా, ఇందులో మీ తమ్ముడు లేడు.”

“ఏంటి?”

“చొక్కా ఉంది. ఇస్త్రీ కూడా బాగా చేశారు. లోపల మనిషి లేడు.”

డ్రైవరు లేచాడు. “పోయినవాడి మీద కూడా కత్తెర పెడతావా? నీకో దండం, నీ కొట్టుకో దండం.”

గొడుగు మర్చిపోయి వానలోనే వెళ్ళిపోయాడు.

తర్వాతి వారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు. గొడుగు మూలన నిలబడి ఉంది. బల్ల మీద కొలతల గీతలే తప్ప మాటలు లేవు. టైలరు రాయడం మానేశాడని మాకు అర్థమైంది.

“ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయేది?” అంది భార్య, మా ముందే. “ఇన్నేళ్ళుగా నేను ఆడటం లేదూ?”

ఆయన తలెత్తాడు. “అంటే?”

“అన్నీ కాదులెండి.”

నర్సమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆయనా నవ్వాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: “నువ్వు ఆడొచ్చు. మన మధ్య ఇంకా వంద ఉన్నాయి. ఆయనకీ నాకూ ఉన్నది ఈ రాత ఒక్కటే. ఇందులో కూడా అబద్ధమైతే ఇంకేం మిగులుతుంది?”

“అయితే వెళ్ళి పిలుచుకు రండి.”

“పిలిస్తే ఆ మాట వెనక్కి తీసుకున్నట్టే.”

కానీ గొడుగు తెరిచి చూశాడు. ఒక మూల గుడ్డ ఊచ నుంచి ఊడి ఉంది. దానికి కుట్టు వేసి, నర్సమ్మ చేత పంపించాడు.

మేం మళ్ళీ కలిసిన సాయంత్రం, డ్రైవరు ఆ గొడుగుతోనే వచ్చాడు. చంకలో ప్యాంటు.

“నడుం వదులైంది. బిగించు.”

టైలరు నడుముకు టేపు చుట్టాడు. డ్రైవరు గోడకేసి చూస్తూ అన్నాడు: “బంగారం కాదు వాడు. మొండి వెధవ. నేను అంతకంటే. కొన్నేళ్ళు మాటల్లేవు మా ఇద్దరికీ. అదే బస్సు. వాడు ఒక బెల్లు కొడితే ఆపేవాణ్ణి, రెండు కొడితే కదిలేవాణ్ణి. అవే మాటలు.”

టేపు అలాగే ఉండిపోయింది. “ఇది రాశారా అన్నయ్యా?”

“జేబులో ఉంది. ముందు నన్ను విడువు.”

నిలబడే చదివాడు. తమ్ముడి ఆఖరి డ్యూటీ రోజు. డిపోలో బస్సు ఆగింది. జనం దిగిపోయారు. ఆగిన బస్సులో ఒక బెల్లు మోగింది. ఆపడానికి ఇంకేమీ లేదు. ఆయన వెనక్కి తిరగలేదు. అద్దంలోకి కూడా చూడలేదు. కాసేపటికి రెండు బెల్లులు మోగాయి. అక్కడితో అయిపోయింది.

‘బావుంది’ అని ఎవరం అనలేదు. నియమం గుర్తొచ్చి కాదు.

టైలరు లేచాడు. కర్టెన్ తొలగించి లోపలికి వెళ్ళాడు. పొయ్యి వెలిగించిన చప్పుడు.

“ఎవరన్నారు ఆ మాట?” భార్య గొంతు.

“ఎవరూ అనలేదు.”

“మరి నీళ్ళెందుకు పెట్టారు?”

గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినిపించింది. డ్రైవరు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. కర్టెన్ వైపు తిరిగి కేకేశాడు.

“తమ్ముడూ, నాకు చక్కెర తక్కువ.”