రెండు రొట్టెల ఆదివారం

"పిండి తడిపినవా?"

"తడిపిన, అక్కా."

"ఉప్పు ఎయ్యకు."

మా తోడికోడలికీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. అందులో నేను చెప్పిన ఒక్క మాటా అబద్ధం. అప్పటికి నేను పిండి డబ్బా మూత కూడా తీయలేదు. నేను ఆమె మంచం దగ్గరికి వెళ్లింది వేరే మాట చెప్పడానికి. ఆ మాట నోటి దాకా వచ్చేసరికి ఆమె పిండి గురించి అడిగింది. తడిపానన్నాను. ఆమె కళ్లు మూసుకుంది. ఉప్పు వేయొద్దని పదేళ్లకు పైగా ప్రతి నెలా చెప్పింది. నేను ఒక్కసారి కూడా వేయలేదు. అయినా చెప్పేది.

నేను చెబుతుంటే ఇది రాస్తున్నది ఆమె కూతురే. నాకు సంతకం వచ్చు. బైబిల్లో పెద్ద అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు. అంతకు మించి రాదు. "మెల్లగ చెప్పు చిన్నమ్మా, నా చెయ్యి అంత జల్దీ ఉరకది" అంటోంది. మెల్లగానే చెబుతాను, నాకు మాత్రం ఓపిక ఎక్కడుంది. వచ్చే మొదటి ఆదివారం, బల్లకు ముందు, ఇది సంఘంలో అందరి ఎదుట చదవాలి. చదివితేనే నేను రొట్టె ముట్టుకుంటాను. ముట్టుకుని ఏడాది దాటింది.

మా సంఘం సారపాక దాటి లోపలికి వెళ్తే, జామాయిల్ తోటల అంచున ఉంటుంది. పైన రేకులు, కింద చాపలు. ముప్పై ఇళ్ల వాళ్లం. నెలకు ఒకసారి బల్ల ఉంటుంది, అంటే ప్రభువును తలచుకుని ఒకే రొట్టె విరిచి అందరం తినడం. ఆ రొట్టె కొన్నది కాకూడదు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు కానీ మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పిండి ఒక ఇంటిది, పొయ్యి ఇంకో ఇంటిది. ఒక్క ఇంట్లోనే తడిపి అక్కడే కాలిస్తే అది ఆ ఇంటి రొట్టె అవుతుంది, రెండు ఇళ్లు తిరిగితేనే సంఘం రొట్టె అంటారు. పిండి నాది, పొయ్యి అక్కది. నేను తడిపి, తడిగుడ్డ కప్పి, పళ్లెంలో పెట్టుకుని వాళ్ల వాకిట్లోకి వెళ్లేదాన్ని. ఆమె ఇనుప పెనం మీద కాల్చేది. పొగకు ఆమె కళ్ల నీళ్లు కారుతుంటే, "నీ పిండికి నేను ఏడుస్తున్ననే" అనేది.

ఆమె భర్తా, మా ఆయనా అన్నదమ్ములు. ఇద్దరూ జామాయిల్ కర్ర లారీలకెత్తే పనికి పోయేవాళ్లు. ఇద్దరూ పోయారు. మా ఆయన పోయిన రోజు మా పుట్టింటి వైపు ముసలమ్మలు నా గాజులు తీయడానికి కూర్చున్నారు. అక్క వచ్చి నా రెండు చేతులూ తన ఒళ్లో పెట్టుకుంది. "ఈ చేతులు ఎవలన్న ముట్టుకోర్రి, చూస్త" అంది. ఎవరూ ముట్టుకోలేదు. ఆ గాజులు ఇప్పటికీ నా చేతికే ఉన్నాయి.

అలాంటి మనిషిని నేను ఏం చేశానో చెప్పాలి.

సర్పంచి ఎలక్షన్లు వచ్చాయి. నిలబడ్డవాళ్లలో ఒకాయన మా సంఘం మనిషి. నేను ఆయన వైపు. విశ్వాసి అయితే చాలు, ఇంకేమీ చూడక్కరలేదని నా లెక్క. అక్క రెండో ఆయన వైపు. ఒక వానాకాలం వాగు పొంగి, ఆమె జ్వరంతో మాట పడిపోయి ఉంటే, ట్రాక్టర్ మీద వాగు దాటించి, వంతెన అవతల భద్రాచలం దవాఖానాలో చేర్పించింది ఆయనే.

"గాయన మన దేవుని మనిషి కాదక్కా" అన్నాను ఒకరోజు బోరింగు దగ్గర.

"ఆ రోజు వాగు కాడ మన దేవుని మనిషి యాడున్నడే?"

"మన గుడిల ముసలోళ్లకు కుర్సీలిచ్చిండు గదా."

"మంచిగనే ఇచ్చిండు. కుర్సీల మీద కూసోని వాగు దాటుదామా?"

నీళ్లు పడుతున్నవాళ్లందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అక్కడ మొదలైంది. నాకు నొప్పి ఓటు గురించి కాదు, నలుగురూ నవ్వినందుకు. ఇది ఇన్నాళ్ల తర్వాత తెలిసింది.

కొన్ని రోజులకు ఒకమ్మాయి ఫోన్లో నాకు ఫొటో చూపించింది. రెండో ఆయన పార్టీ వాళ్ల మీటింగు. ముందు వరసలో అక్క, మెడలో కండువా, నుదుట ఇంత కుంకుమ బొట్టు. మా సంఘంలో ఆడవాళ్లు బొట్టు పెట్టుకోరు. మీటింగుకు వచ్చిన ఆడవాళ్లందరికీ గడప దగ్గరే పెడతారని నాకు తెలుసు. మా ఊళ్లో ఎవరికైనా తెలుసు. తెలిసీ నేను ఆ ఫొటోను మనసులో దాచుకున్నాను.

నా గొంతు అప్పట్లో పెద్దది. మైకు లేకపోయినా వెనక చాప దాకా వినపడేది. అందుకని శుక్రవారం ఉపవాస కూడికలో ఆడవాళ్ల తరఫున ప్రార్థన నాకే ఇచ్చేవాళ్లు. ఆ శుక్రవారం రోగుల కోసం ప్రార్థించాను, వానల కోసం ప్రార్థించాను. తర్వాత ఇలా అన్నాను: "ప్రభువా, ఆదివారం నీ రొట్టె తిని, సోమవారం జెండా కింద నొసలు చాపే బిడ్డలను క్షమించయ్యా. నీ బల్లను మైలపరచకుండా వాళ్ల కళ్లు తెరువయ్యా."

ప్రార్థనలో అన్నదానికి ఎవరూ ఎదురు చెప్పలేరు. అందరి కళ్లూ మూసి ఉంటాయి. మధ్యలో మాట్లాడితే దేవుడికే అడ్డం వచ్చినట్టు. మా వాళ్లలో ఇది నేనొక్కదాన్నే చేసిన పని కాదు. కోడలిని అనాలన్నా, పాస్టరు అయ్యగారిని అనాలన్నా, మోకాళ్ల మీద కూర్చుని దేవుడికి చెప్పినట్టు చెబుతాం. ఆమెన్ అనక తప్పదు కాబట్టి అందరూ అంటారు. ఆ రోజూ అన్నారు. నా ఎడమ పక్క నుంచి అక్క గొంతు కూడా వచ్చింది. అందరికంటే కొంచెం వెనకగా. "ఆమెన్."

ఇక్కడ రాసే పిల్ల చెయ్యి ఆగింది.

"గది అమ్మ మీదనా?" అని అడిగింది. అప్పటికి ఆమె కాపురం వైరాలో. ఓట్ల దగ్గర ఏదో మాట పట్టింపు వచ్చిందని మాత్రమే ఆమెకు తెలుసు.

అవ్ అన్నాను. పెన్ను మళ్లీ పట్టుకుంది. తర్వాత, "చెప్పు, రాస్త" అంది. చిన్నమ్మా అనలేదు.

మరునాడు పొద్దున్నే అక్క ఒక్కతే మా వాకిట్లోకి వచ్చింది. నేను వాకిలి ఊడుస్తున్నాను. చీపురు నా చేతిలోంచి తీసి గోడకు ఆనించింది.

"నాకు చెప్పేది దేవునికెందుకు చెప్పినవే? దేవుడొచ్చి నాకు చెప్తడా? పది అడుగులేస్తె నా ఇల్లు."

"నేను నీ పేరు పెట్టలే."

"పేరు పెట్టకుంటె ఇంకా గట్టిగ ఇనపడ్డది."

"తప్పు చేస్తె దిద్దొద్దా మరి?"

"దిద్దు. నన్ను కూసోబెట్టి దిద్దు. నలుగుట్ల నన్ను పండబెట్టి, పైకెల్లి ప్రార్థన కప్పుతవా?"

నేను చీపురు తీసుకుని మళ్లీ ఊడవడం మొదలుపెట్టాను. తప్పు చేసినవాళ్ల దగ్గరికి ఒంటరిగా వెళ్లి చెప్పాలని మా వాక్యంలో ఉంది. ఆమె ఆ వాక్యం చేసి చూపించింది. నేను దుమ్ము లేపాను.

తర్వాతి ఆదివారం బల్ల. నేను పిండి తీసుకుని ఆమె ఇంటికి వెళ్లలేదు. నా పొయ్యి మీద నేనే కాల్చుకున్నాను. ఒక పక్క మాడింది. నేను రావడం లేదని తెలిసి ఆమె కూడా తన పిండితో కాల్చింది. ఇద్దరం పళ్లేలు తెచ్చి బల్ల మీద పెట్టాం. చాపల మీద కూర్చున్నవాళ్లు కూడా అప్పటికే రెండు భాగాలయ్యారు. ఏ జెండా వాళ్లు ఆ పక్క.

మా అయ్యగారు చిన్నవాడు, నా కొడుకు వయసు. రెండు పళ్లేల వైపూ చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"ముందుగాల తప్పు నాది" అన్నాడు. "పోయిన నెల ఒక కాండేట్‌కు ఈ మైకు ఇచ్చిన. మన మనిషే గదా అనుకున్న. ఆ రోజే ఈ చాపలు రెండుగ చీలినయ్. నన్ను క్షమించుర్రి. రెండు రొట్టెలతోటి బల్ల లేదు."

రెండు పళ్లేలూ ఎవరివి వాళ్లకు ఇచ్చి పంపేశాడు. మాడిన రొట్టె పట్టుకుని ఆ దారిన ఇంటికి నడవడం నాకు గుర్తుంది.

ఓట్లు అయిపోయాయి. ఎవరు గెలిచారో చెప్పను. గెలిచినాయన మా వీధి మోరీ వైపు ఇప్పటికీ చూడలేదు. అది చెబితే చాలు.

మరుసటి నెల ఆదివారం, పాటలయ్యాక, అక్క లేచి నిలబడింది. ఎవరూ లేవమనలేదు. "ఆ దినం బొట్టు పెట్టంగ నేను వద్దన్లే. నలుగుట్ల సిగ్గయింది. ఇంటికొచ్చి నల్లా కాడ కడుక్కున్న. వద్దనాల్సింది. నా తప్పే" అని కూర్చుంది. ఓటు తప్పు అనలేదు. అది తన ఇష్టం. బొట్టు దగ్గర తాను భయపడ్డానని మాత్రమే ఒప్పుకుంది.

అందరూ నా వైపు చూశారు. అయ్యగారు కూడా చూశాడు. నాకు తెలుసు, ఇప్పుడు నేను లేవాలి. నేను చాప అంచున ఊడిన పోగు లాగుతూ కూర్చున్నాను. నేను దిద్దిన మనిషి దిద్దుకుంది కదా, ఇంక నేనేం చెప్పాలి అనుకున్నాను. ఆ పోగు మూరెడు వచ్చింది. ఎవరో పాట ఎత్తుకున్నారు.

ఆ తర్వాత రెండు నెలలు బల్ల జరగలేదు. మొండితనం నాది, ఆకలి అందరిది. బయటకు ఎవరూ ఏమీ అనలేదు. నా చుట్టూ కూర్చునేవాళ్లు మాత్రం మెల్లగా తగ్గారు. ఒకే వైపు ఓటేసినవాళ్లు కూడా.

అక్కకు కామెర్లు ముదిరాయి. భద్రాచలంలో కొన్నాళ్లు పెట్టి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అది విన్నాక క్షమించమని అడగాలనుకున్నాను. శనివారం మధ్యాహ్నం వెళ్లాను. చుట్టూ చుట్టాలు కూర్చున్నారు. అందరి ముందు తిట్టగలిగిన గొంతు అందరి ముందు క్షమించమని అడగలేకపోయింది. అంతలో ఆమే అడిగింది, పిండి తడిపినవా అని. మర్నాడు నెల మొదటి ఆదివారమని ఆమెకు గుర్తుంది. పిండి తెస్తే తన పొయ్యి మీద కాల్చుదామని ఆమె మాట. అంటే నాకు దారి తెరిచిందన్నమాట. నేను తడిపానన్నాను.

అబద్ధం నిజం చేద్దామని ఇంటికి పరుగెత్తి పిండి తడిపాను. తడిగుడ్డ కప్పి, చేతులు కడుక్కుంటుంటే అటు నుంచి ఏడుపు వినపడింది.

ఆదివారం బల్ల కాలేదు, సమాధి అయింది. సోమవారం గుడ్డ తీసి చూస్తే పిండి పులిసింది. పులిసింది బల్లకు పనికిరాదు. కోళ్లకు వేశాను.

నా గొంతు ఆ తర్వాత పోయింది. దేవుడు కొట్టాడని కొందరంటారు. మిరప కల్లాల్లో పదేళ్లు తొడిమెలు తీసిన గొంతు, పోతే ఏం ఆశ్చర్యం. దవాఖానాలో గట్టిగా మాట్లాడొద్దన్నారు. అందుకే ఈ పిల్లతో రాయించడం. "నేనే ప్రార్థనలో నాలుగు మాటలు చెప్పేస్తనమ్మా, సరిపోతది" అన్నాడు అయ్యగారు. వద్దన్నాను. మళ్లీ ప్రార్థనలోనా. ఆ రోజు ఆమెన్ అన్న ఆడవాళ్లు కళ్లు తెరుచుకుని వినాలి. మళ్లీ ఊళ్లో జెండాలు కడుతున్నారు, అప్పుడే చాపలు జరుగుతున్నాయి.

అక్క ఇంట్లో ఇప్పుడు ఈమే ఉంటోంది, పెనం కూడా ఈమె దగ్గరే ఉంది. ఈ నెల పిండి నేను తడపనా అని అడగాలని ఉంది, ముందే అడగను. మొత్తం విన్నాక, నీకు మనసొస్తేనే పొయ్యి వెలిగించమన్నాను.

ఆమె పెన్ను మూత పెట్టి, "ఆ ఆమెన్ కాడ కొంచెం తగ్గించి రాయనా? నలుగుట్ల చదివేది నేనే గదా" అని అడిగింది.

"వద్దు బిడ్డా. తగ్గించినవా ఏంది అప్పుడే? ఏదీ, మొదటికెల్లి చదువు. నేను చెప్పింది చెప్పినట్టు ఉన్నదో లేదో వింట."