చుక్కల వెనక విమల

మావారు పోయాక దొరవారిసత్రంలో నాకు తోడు పులికాట్ పక్షుల గురించి రాసుకునే ఈమెయిల్ గ్రూపే. ఆ మెయిళ్లు నెట్‌లో అందరికీ కనిపించేవి. ఒకరోజు ఎవడో అక్కడ నా ఈమెయిల్ అడ్రసు చూసి నాకు బూతులు రాశాడు. వెంటనే గ్రూపు నడిపే కుర్రాడికి ఫోన్ చేశాను.

"అందరి అడ్రసులూ చుక్కలతో కప్పేసినాం అక్కా. ఇంక మిమ్మల్ని ఎవురూ కనిపెట్టలేరు," అన్నాడు.

అయినా భయం పోక గ్రూపు మానేశాను. తర్వాత అది మూతపడింది.

మొన్న ఊసుపోక, నెట్‌లో మిగిలిన పాత మెయిళ్లు చదువుతుంటే, నేను మానేశాక నా మెయిల్‌కొచ్చిన జవాబొకటి కనిపించింది.

"కోవూరు హాస్టల్లో నా పక్కమంచం సుశీలవి నువ్వేనా మే? నీ అడ్రసు కనపడలా. నాకు రాయి. విమల."

ఆత్రంగా చూస్తే, ఆమె అడ్రసు ఉండాల్సిన చోటా చుక్కలే ఉన్నాయి.

అందుకే మీ పత్రికలో ఈ పాఠకుల పేజీకి రాస్తున్నాను. దయచేసి నా పేరూ ఊరూ దాచకండి.

— సుశీల, దొరవారిసత్రం