జెర్సీలో ఒడిబియ్యం

ఆటగాళ్లను దూరం నుంచే చూడాలి, దగ్గరికి పోకూడదు అని నేనంటాను. దగ్గరికి పోకుంటే వాళ్లు మనుషులో కాదో ఎట్లా తెలుస్తుంది అని మా అమ్మ అనేది. ఈ ఒక్క మాట మీద మా ఇద్దరికీ ఏండ్ల తరబడి జగడం నడిచింది. పండగలకు ఆగింది, చావులకు ఆగింది, మళ్లీ మొదలైంది. ఇప్పుడు నాతో జగడానికి దిగే మనిషి లేదు కాబట్టి రెండు వైపులా నేనే చెప్పుకోవాలి.

దీనికి మొదలు ప్రొద్దుటూరులో మా బట్టల అంగడి. పక్కనే ఒక నగల దుకాణం కొత్తగా లేచింది. మా ఊర్లో బంగారం అంగళ్లకు కరువు లేదు. అందుకే కొత్తగా తెరిచే ప్రతి యజమానీ పక్కవానికన్నా పెద్ద మనిషిని పిలవాలని చూస్తాడు. ఒకరు సినిమా నటిని తెస్తే ఇంకొకరు ఇద్దరిని తెస్తారు. ఈయన ఒక క్రికెటర్‌ను పిలిపించాడు. పేరు చెప్పను. చెప్పినా ఆయనకు మా ఊరు గుర్తుండదు, నాకు మాత్రం ఆయన బూట్లు గుర్తున్నాయి.

ఎండాకాలం. పొద్దున్నే వస్తాడన్న మనిషి మధ్యాహ్నమైనా రాలేదు. రోడ్డు నిండా జనం. మా అంగట్లోకి ఒక్క బేరమూ రాలేదు, వచ్చినవాళ్లంతా నీడ కోసం వచ్చినవాళ్లే. గల్లా దగ్గర కూర్చున్న అమ్మ ఉన్నట్టుండి లేచి లోపలికి పోయింది. అల్లం దంచి, కరివేపాకు తుంచి వేసి, పెద్ద లోటా నిండా మజ్జిగ కలుపుకొచ్చి మెట్ల మీద నిలబడింది.

"ఎవరికి మా అది?"

"ఆ పిల్లోనికి. ఎండన పడి వస్తాండాడు గదా."

"ఏసీ కార్లో వస్తాండాడు."

"ఏసీలో కూచుంటే దాహం కాదా? ఏం సదువు సదివినావే నువ్వు?"

కార్లు వచ్చాయి. నల్ల చొక్కాల మనుషులు దిగి జనాన్ని చేతులతో కాదు, మోచేతులతో నెట్టారు. వాళ్ల మధ్య నల్లద్దాలు పెట్టుకొని ఆయన దిగాడు. అమ్మ లోటా పట్టుకొని ఒక మెట్టు దిగింది. "నాయనా" అన్నది, అంతే. ఒక మోచేయి తగిలింది, లోటా మెట్ల మీద దొర్లింది, మజ్జిగ చుక్కలు ఆయన తెల్ల బూటు మీద పడ్డాయి. అప్పుడు ఆయన ఆగి, కిందికి చూశాడు. మా అమ్మ వైపు కాదు, బూటు వైపు.

నేను ఊరుకుంటానా? "ఓ స్వామీ! బూటుకున్న ఇలువ మనిసికి లేదా?" అని అరిచాను. జనం నవ్వారు. ఆయనకు తెలుగు రాదు కాబట్టి చేయి ఊపి లోపలికి పోయాడు.

సాయంత్రం మెట్లు కడుగుతూ కూడా అమ్మ ఆయన్ని ఒక్క మాట అనలేదు. "పిలిచినోళ్లది తప్పు. రిబ్బను కత్తిరించను పిలిచినారు, ఇంటికి పిలిచినారా? తిన్న్యావా నాయనా అని ఒక్కడన్నా అడిగింటాడా?"

"నేనైతే ఆ మజ్జిగ మొగాన పోసుందును."

"పోస్తావు. అందుకే నీ ఇంటికి సుట్టాలు రారు."

అమ్మకు ఆడేవాళ్ల మీద ఇంత మమకారం ఎందుకో దువ్వూరు వాళ్లకు మాత్రమే తెలుసు. పుట్టింది అక్కడే. చిన్నప్పుడు చెడుగుడులో మగపిల్లలు కూడా ఆమె కూతకు భయపడేవాళ్లట. పెద్దమనిషి అయిన రోజు మూల కూర్చోబెట్టారు, మూల నుంచి లేచాక మళ్లీ బరిలోకి పోనివ్వలేదు. ఆమె ఆ సంగతి ఏడుస్తూ చెప్పేది కాదు, జ్వరం వచ్చి తగ్గినట్టు చెప్పేది. కానీ ఊపిరి మాత్రం పోలేదు. టీవీలో కబడ్డీ వస్తే, అవతల ఆటగాడు కూతకు పోగానే ఇవతల అమ్మ కూడా ఊపిరి బిగబట్టేది. బట్ట కొలుస్తూ బిగబట్టేది. బేరగాళ్లు ధర అడిగితే కండ్లతో ఆగమనేది. వాడు గీత తొక్కి వెనక్కు వచ్చాకే ధర చెప్పేది.

ఆ రోజుల్లో ఒక పిల్ల ఉండేది. కోస్తా వైపు నుంచి వచ్చి, ఆట మీదనే ఉద్యోగం తెచ్చుకొని, జీతం మీద ఆడే పిల్ల. క్రాపు జుట్టు, ఎడమ మోకాలికి ఎప్పుడూ పట్టీ. ఆ పిల్ల ఆటలు నా ఫోనులో వెతికి పెట్టమని అమ్మ ప్రాణం తీసేది. అప్పటికే నేను పులివెందులలో కాపురం, కాలేజీలో పాఠాలు. ప్రొద్దుటూరికి వచ్చిన ప్రతిసారీ చెప్పులు విడవకముందే "ఆ పిల్ల గెలిచిందా?" అనేది. నేను బాగున్నానా అని ఆ తర్వాత అడిగేది.

ఒక ఏడాది జమ్మలమడుగులో ఆడవాళ్ల కబడ్డీ పోటీలు పెట్టారు. ఆ పిల్ల జట్టు వస్తోంది. అమ్మ మోకాళ్లు అప్పటికే అరిగిపోయాయి. అయినా బస్సెక్కింది. ఒళ్లో ఒక గుడ్డ సంచి పెట్టుకొని, దాన్ని నన్ను ముట్టుకోనివ్వలేదు. జమ్మలమడుగు దగ్గర పడ్డాక చూపించింది. పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి గిన్నె, ఖర్జూరాలు, వక్కలు, మా అంగడిదే ఒక జాకెట్ గుడ్డ. ఒడిబియ్యం సరుకు. దాని కింద వేరే పొట్లంలో గాజులు.

మా ఇండ్లలో పద్ధతి ఇది. పెండ్లయిన ఆడబిడ్డ పుట్టింటికి వచ్చి పోయేటప్పుడు ఆమె కొంగులో బియ్యం పోసి పంపుతారు. పెండ్లి కాని పిల్లకు బియ్యం పోయరు, గాజులూ గుడ్డా ఇస్తారు.

"రెండూ ఎందుకు తెచ్చినావు?"

"ఆ పిల్లకు పెండ్లయిందో లేదో నీ ఫోను సెప్పిందా?"

"పుట్టింటోళ్లు పెట్టేది గదా మా ఇది. మనమెవురు ఆ పిల్లకు?"

"జమ్మలమడుగులో ఆ పిల్లకు ఇంకెవురుండారు?"

ఆట సాయంత్రం మొదలైంది. ఆ పిల్ల కూత వినడానికి జనం కూడా నోరు మూసుకున్నారు. చివరికి ఒక్క కూతతో అటో ఇటో తేలిపోయేదాకా వచ్చింది. ఆ పిల్లే పోయింది, అవతలి జట్టులో ఒకదాన్ని తాకింది, తిరిగింది. గీత చేయి చాపితే అందేంత దగ్గరుండగా చీలమండ పట్టేశారు. కూత తెగింది. నా పక్కన అమ్మ ఊపిరి కూడా తెగింది. ఓడిపోయారు.

ఓడినా జనం వదల్లేదు. ఫోన్లు ఎత్తి చుట్టూ మూగారు. అమ్మ సంచి పట్టుకొని, కుంటుకుంటూ, ఆ మూకలో సందు చేసుకొని పోయి, ఆ పిల్ల ఎదురుగా నిలబడి, పేరు అడగలేదు, బాగా ఆడినావని కూడా అనలేదు. ముందుగా అడగవలసిందే ముందుగా అడిగింది.

"పెండ్లయిందా పాపా నీకు?"

ఆ పిల్ల ముఖం మాడిపోయింది. "మీకెందుకండీ? గెలిస్తే అదే, ఓడితే అదే. ఏ ఊరెళ్లినా ఇదే అడుగుతారు. ఆట చూడ్డానికొచ్చారా, పెళ్లిచూపులకొచ్చారా?" అని, మనుషులను తోసుకుంటూ వెళ్లిపోయింది.

"అవ్వా, సమ్మందం తెచ్చినావా ఏంది?" అన్నాడు ఎవడో. అందరూ నవ్వారు.

అమ్మ నవ్వలేదు, అలగలేదు. సంచిని రెండు చేతులా పొట్టకు ఆనించుకొని అక్కడే నిలబడింది. జగడంలో నేను గెలిచినట్టే. దగ్గరికి పోవద్దంటే పోయింది, అనుభవించింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ బియ్యం ఇప్పుడు ఏం చేస్తుంది? పసుపు కలిపిన ఒడిబియ్యం ఇంటికి వెనక్కు తీసుకుపోవడమంటే ఆడబిడ్డను ఒట్టి కొంగుతో పంపినట్టు. మజ్జిగ లోటాను కడిగి బోర్లించింది గానీ, దీన్ని ఆమె కడుక్కోలేదు. అమ్మను అక్కడి నీళ్ల తొట్టి గట్టు మీద కూర్చోబెట్టి, జట్లకు విడిది ఇచ్చిన బడి గదుల వైపు నడిచాను.

ఆ పిల్ల బెంచీ మీద కూర్చొని కాలికి మంచుగడ్డ అద్దుకుంటోంది.

"ఏమ్మా, పెద్దమనిసి అడిగితే బదులు సెప్పే తీరు ఇదేనా?"

తలెత్తింది. "మీరు తిడుతున్నారా, మాట్లాడుతున్నారా?"

"మాట్లాడతాండా. తిడితే ఇట్లుండదు."

ఆ పిల్ల నోటి చివర కొంచెం కదిలింది. నేను ఆపలేదు. "మాయమ్మ నీకు మొగుణ్ణి ఎతికేదానికి రాలేదు. పెండ్లయింటే ఒడిబియ్యం పెట్టాల, కాకుంటే గాజులు పెట్టాల. యాది పెట్టాల్నో తెలీక అడిగింది. అరిగిపోయిన మోకాళ్లతో ప్రొద్దుటూరు నుంచి రెండూ మోసుకొచ్చింది. సమ్మందమంటావా, నీయంత నోరుండే కోడలు మా ఇంటికి వద్దు. నన్నొక్కదాన్నే పడలేక సస్తాండారు."

ఆ పిల్ల నవ్వింది. నవ్వి, నవ్వు ఆపి, మంచుగడ్డ పక్కన పెట్టింది.

"అయితే వినండి. పెళ్లయిందండీ. ఆట మానేయమన్నారు. ఆట మానలేక మనిషిని మానేశాను. దీనికేముంది మీ అమ్మగారి సంచిలో?"

బియ్యం పెట్టడానికి అవతల భర్త లేడు, గాజులివ్వడానికి కన్నెపిల్ల కాదు. మా పద్ధతిలో ఈ పిల్లకు చోటే లేదు. "నువ్వే వచ్చి అడుగు" అన్నాను. కుంటుకుంటూ నా వెంట వచ్చింది. తొట్టి గట్టు మీద ఇప్పుడు ఇద్దరు కుంటివాళ్లు, ఒకరి ఎదురుగా ఒకరు.

అంతా చెప్పాను. అమ్మ వింది. సంచి వైపు చూసుకుంది. ఇంట్లో తద్దినం తిథి గంట తప్పితే ఒప్పుకోని మనిషి ఆమె.

"పుట్టింటోళ్లు పెట్టేదానికి మొగునితో ఏం పని?" అన్నది అమ్మ. "కొంగు పట్టు పాపా."

కొంగు ఎక్కడుంది? మోకాళ్ల పైకి నిక్కరు, చెమటకు తడిసిన నీలం జెర్సీ. ఆ పిల్ల రెండు క్షణాలు తన ఒంటి వైపు చూసుకుంది. తర్వాత జెర్సీ అంచును రెండు చేతులా ముందుకు చాపి పట్టుకుంది. అమ్మ ఒంగలేక ఒంగి దోసిళ్లతో బియ్యం పోసింది. కొబ్బరి పెట్టింది, ఖర్జూరాలు పెట్టింది, గుడ్డ పెట్టింది. గాజుల పొట్లం కూడా వేసింది. "ఇవెందుకు మా?" అంటే, "నేను మోసుకొచ్చిన బరువు, మళ్లీ నువ్వు మోస్తావా?" అన్నది.

"పిడికెడు తీసి వెనక్కియ్యి" అని ఆ పిల్లకు చెప్పింది. "పుట్టిల్లు ఖాళీ కాగూడదు." ఆ పిల్ల పిడికెడు తీసి అమ్మ కొంగులో వేసింది. "బస్సులో పారేయొద్దు. వండుకొని నలుగురితో తిను." తల ఊపింది. అప్పుడు, అప్పుడే, అమ్మ తాను నిజంగా అడగాలని వచ్చింది అడిగింది.

"ఆ కడపటి కూత యాడ తెగింది?"

ఆ పిల్ల ఆశ్చర్యపోయింది. "తిరిగేటప్పుడండీ. గీత దగ్గరే ఉందనుకున్నాను. అనుకోగానే ఊపిరి వదిలేశాను."

"ఆఁ. అంతే. నాకూ అట్లే అయ్యేది."

"మీరూ ఆడేవారా?"

"దువ్వూరులో. శానా దినాలు ఆడనీలేదులే."

ఆ పిల్ల బియ్యం ఒలకకుండా జెర్సీ అంచును దగ్గరికి ముడుచుకుంది.

తిరుగు బస్సులో అమ్మ కొంగు ముడిలో ఉన్న పిడికెడు బియ్యాన్ని పట్టుకొని కూర్చుంది. ఊరు దగ్గర పడ్డాక అన్నది: "నువ్వు ఆ క్రికెట్ పిల్లోని దగ్గరికి పోయి గూడా ఇట్లే జగడమాడింటే, మజ్జిగ తాగింటాడు."

"తాగడు మా."

"నువ్వు అడగల్యా గదా."

ఆ జగడం తేలకుండానే అమ్మ పోయింది.

పోయిన ఎండాకాలం పులివెందుల మైదానంలో పిల్లలకు కబడ్డీ నేర్పడానికి ఆ పిల్ల వచ్చింది. ఇప్పుడు ఆడడం లేదు, ఆడిస్తోంది. పొద్దున నడకకు పోయినప్పుడు ఈల విని చూశాను. పోకూడదనుకున్నాను. గుర్తు పట్టకపోతే ఆ జమ్మలమడుగు సాయంత్రం కూడా పాడైపోతుందని నా భయం. అమ్మ అయితే ఈ పాటికి గీత దాటి లోపల ఉండేది. పోయాను.

నన్ను చూసి ఈల నోట్లోంచి తీసింది. "తిట్టే అక్క!" అన్నది. నా వెనక వెతికింది. "అమ్మగారేరండీ?"

చెప్పాను. ఈలను వేళ్ల మధ్య తిప్పుతూ నేల చూసింది. "ఆ బియ్యం మా హాస్టల్లో పొంగలి చేయించానండీ. జట్టంతా తిన్నాం. ఎప్పుడైనా ప్రొద్దుటూరొచ్చి చెబుదామనుకున్నాను." తలెత్తి, "ఇక నాకిటువైపు పుట్టిల్లు లేనట్టే" అని నవ్వడానికి చూసింది.

"ఎల్లుండి దాకా ఉంటావా?"

"రేపు సాయంత్రం బస్సండీ."

ఒడిబియ్యం, తద్దినాలు, తిథులు, ఇవన్నీ ఎందుకని అమ్మతో జీవితమంతా వాదించినదాన్ని నేను. మర్నాడు వంటింట్లో బియ్యం డబ్బా ముందు నిలబడి, పసుపు ఎంత కలపాలో తెలియక, అడగడానికి మనిషి లేక, చెంచాకు చెంచా వేస్తూ పోయాను. ఎక్కువైంది. అరచేతులు పచ్చగా అయిపోయాయి.

మైదానంలో ఆ పిల్ల జెర్సీ అంచు పట్టింది. ఈసారి తెల్ల జెర్సీ. దోసిళ్లతో పోస్తుంటే గుడ్డ మీద పచ్చటి మరకలు పడుతున్నాయి.

"ఉతికితే పోతుందా అక్కా ఇది?"

"పోదు. తెల్లది ఎవురు ఏసుకోమన్న్యారు?"

"మీరు తిడుతున్నారా, మాట్లాడుతున్నారా?"

బదులు చెప్పేలోపే, నేను అడగకుండానే, పిడికెడు తీసి నా ముందు చాపింది. నేను కొంగు పట్టాను.