పైకి లేపే మాట

కుట్టుపని గదిలో అందరికంటే పెద్దదైన ఆవిణ్ని అనుమానాలక్క అనేవాళ్లు. రోజూ పని మొదలయ్యే ముందు సూపర్‌వైజరు మైకు పట్టుకుని "మనసును పైకి లేపే మాట" ఒకటి చెప్పేవాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే అక్క మాత్రం కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, ఆ మాట వెనక ఏ పని దాగుందోనని అతని మొహంలోకి చూసేది. "నువ్వు లేకపోతే ఈ గది నడవదమ్మా" అని ఒకసారి అతనంటే పొంగిపోయి, ఆ నెలంతా ఆదివారాలు కూడా కుట్టింది. అప్పట్నుంచి ఎవరు మెచ్చుకున్నా "నన్ను మునగచెట్టు ఎక్కించకు, పనేంటో చెప్పు" అనేది.

పక్క మిషను మీద కుట్టే ఒకామె పక్షవాతం నుంచి కోలుకుని మళ్లీ పనిలోకి వచ్చింది. వణికే చేత్తో ఆమె కుట్టిన మొదటి కాలరు చూసి అందరూ "అద్భుతం" అన్నారు. ఆమె మొహం ఇంకా వాడిపోయింది. కాలరు తెచ్చి అక్క చేతిలో పెట్టింది.

"నువ్వు చెప్పక్కా. నేనిక్కడ ఉండొచ్చా, ఇంటికెళ్లిపోనా?"

అక్క కాలరు తిరగేసి, కుట్టు వెంట గోరు నెమ్మదిగా నడిపించింది.

"ఈ పక్క వంకరపోయింది, విప్పెయ్. ఆ పక్క మాత్రం నీ పాత కుట్టే."

"నిజంగానా?"

"నీతో నాకేం పనుందని అబద్ధమాడతాను?"

ఆమె కళ్లు తుడుచుకుని, కుట్టు విప్పడానికి కూర్చుంది. కాసేపటికి ఆమె మిషను చప్పుడు మొదలైంది. అది వింటుంటే అక్క గుండె ఎందుకో తేలికైంది. ఇందులో తన స్వార్థమేమైనా ఉందా అని చాలాసేపు వెతుక్కుంది. ఏమీ దొరక్కపోయేసరికి, సూదిలో దారం ఎక్కించుకుని పనిలో పడింది.