మింగని మాత్ర వెంట తిరుపతికి

తిరుపతి శివార్లలోని ఒక మురుగునీటి శుద్ధి కేంద్రం వాళ్లు నన్ను సలహా కోసం పిలిపించారు. మురుగులో కలిసిన మందులు చివరికి ఏమవుతాయో తేల్చాలట. బుధవారం ఉదయం ఏడుంబావుకు చిత్తూరు బస్టాండులో ఒంటరిగా బస్సెక్కాను.

పాకాల దాటాక ఇంకా కోతలు కోయడం నావల్ల కాలేదు, చెప్పేస్తున్నాను. పిలిచింది అక్కడి ల్యాబులో పనిచేసే మా మేనకోడలు సుజాత. అదీ నేను వారం రోజులు ఫోన్లో విసిగించాక. ఒంటరిగానూ వెళ్లలేదు. పక్క సీట్లో మా ఆవిడ రాజేశ్వరి ఉంది. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి డబ్బిచ్చి కొన్న టికెట్ ఒకటే. ఆ లెక్కన ఒంటరినే.

నాకు షుగరు. కాలి బొటనవేలి పుండు రెండు నెలలుగా మానడం లేదు. ఇలాగే ఉంటే వేలు తీసేయాల్సి రావచ్చని డాక్టరు అన్నాడు. మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతుందని నేను మూడు నెలలుగా దాన్ని మరుగుదొడ్లో వేసి నీళ్లు పోస్తున్నాను. ఎలాగూ మూత్రంలో పోయేదే, మధ్యలో నాకెందుకు బాధ అని నా వాదన. పోయిన వారం ఒకటి అంచుకు అతుక్కుని రాజేశ్వరి కంటబడింది. అప్పట్నుంచి ఇంట్లో గొడవ, నాకు కుతూహలం.

తొమ్మిదికి తిరుపతి. బస్టాండు ఎదురుగా నాకు రెండు ఇడ్లీలు, చక్కెర లేని కాఫీ. ఆటోలో పదికల్లా చేరాం. వాసన నేను భయపడినంత లేదు. ముందు ఇనప జల్లెడ. దానికి కవర్లు, వెంట్రుకలు, ఖాళీ మాత్రల అట్టలు చిక్కుకుని ఉన్నాయి. తర్వాత పెద్ద తొట్టి. గోధుమరంగు నీళ్లు గాలి బుడగలతో కుతకుతలాడుతున్నాయి.

"ఈ బురదలో సూక్ష్మజీవులుంటాయి మామా. గాలి మేమిస్తాం, మురుగు అవి తింటాయి," అంది సుజాత.

"మాత్రలు కూడానా?"

"జ్వరం మాత్రను దాదాపు మిగల్చవు. మూర్ఛ మాత్రను ముట్టవు, వచ్చింది వచ్చినట్టే బయటికి పోతాది. నీ షుగరు మాత్రను చాలావరకు ఇంకో పదార్థంగా మార్చి వదిలేస్తాయి. దాన్ని అరిగించుకోవడం వాటికీ కష్టమే."

"సూస్తివా! పురుగులకే అరగలేదంట!" అన్నాను రాజేశ్వరితో. మళ్లీ సుజాత వైపు తిరిగాను.

"నువ్వు కొలిచినావామ్మా?"

"లేదు మామా, ఆ పరీక్ష మా ల్యాబులో లేదు. చదువుకున్నది చెప్తా ఉండా."

శుద్ధి చేసిన నీళ్లు గాజు జాడీలో పట్టి ఇచ్చింది. రోడ్డు పక్క చెట్లకు పోతాయట. ఎండకు పట్టి చాలాసేపు చూశాను. తేటగా ఉన్నాయి. ఎవరి నొప్పి, ఎవరి మూర్ఛ అందులో మిగిలిందో కంటికి తెలియలేదు.

"ఇందులో నావి ఎన్నుంటాయి?"

"నీవి ఈడికెట్లా వస్తాయి మామా? చిత్తూర్లో మీ ఇంటి సెప్టిక్ ట్యాంకులో ఉంటాయి."

అరవై, డెబ్బై కిలోమీటర్లు వచ్చి వినాల్సిన మాట కాదు. తగ్గలేక అడిగాను: "మింగినా మురుక్కే, పారేసినా మురుక్కే కదా?"

"మింగితే దార్లో నీ పని చేసి వస్తాది. పారేస్తే నీకేం మిగల్లా, నీళ్లకు మాత్రం పూర్తిగా చేరింది."

సుజాత ఇంట్లో సంగటి, పప్పు తిని రెండున్నరకు తిరుగు బస్సెక్కాం. పక్కన పూతలపట్టులో దిగాల్సిన మామిడికాయల వ్యాపారి కూర్చున్నాడు. నీళ్లలో మందులున్నాయని నేను కనిపెట్టేసరికి అక్కడివాళ్లు నోరెళ్లబెట్టారని అతనికి చెప్పాను. ఇంటికి పోగానే డాక్టరు రాసినవన్నీ రాసినట్టే మింగబోతున్నానని కూడా చెప్పాను. ఈ రెండో మాట మనసారా అన్నాను.

"మంచి పని పెద్దాయనా," అన్నాడతను.

ముందు సీట్లోంచి రాజేశ్వరి వెనక్కి తిరిగింది.

"ఏం మంచి పనన్నా! ఈయన మింగతా ఉండాడనుకోని డాక్టరు రెండు తూర్లు మోతాదు పెంచినాడు. అదంతా ఒకేసారి మింగితే కండ్లు తిరిగి పడతాడు. ఏమయ్యో, మింగేది తర్వాత. ముందు బస్సు దిగి నేరుగా ఆస్పత్రికి పోదాం పా. మూడు నెల్లుగా ఒక్కటీ మింగలేదని డాక్టరు ముందర నీ నోటితోనే చెప్పు."