దస్రు చెప్పిన పెంట పాఠం

కాటారం దాటి అడవిలోకి పోయే దారిలో అటవీశాఖ చెక్‌పోస్టు ఉంది. అక్కడ ఇరవై ఏళ్లుగా దస్రు వాచర్. మట్టిలో అడుగు చూస్తే ఏ జంతువు ఎప్పుడు పోయిందో, ఎటు పోయిందో ఇట్టే చెప్తాడు. నలుగురు మనుషులు ఎదురుగా నిలబడితే మాత్రం నోరు పెగలదు. అలాంటివాడి ముందు మాఘమాసంలో ఒక పొద్దున నలభై మంది బడిపిల్లలు బస్సు దిగారు.

"నువ్వే చెప్పాలె దస్రన్నా," అని బీట్ ఆఫీసర్ మిథున్ ఒక కాగితం చేతిలో పెట్టాడు.

"వన్యప్రాణి సంరక్షణ మనందరి..." దాకా చదివి దస్రు ఆగిపోయాడు. తర్వాతి మాట 'కర్తవ్యం'. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ మింగేశాడు.

ఆరో తరగతి తేజస్విని జాలిపడింది. "పోనీ తీ తాతా. పులి ఏడుందో చెప్పు."

"మీ లొల్లికి గది మహారాష్ట్రల పడ్డది బిడ్డా!"

పిల్లలు పకపకా నవ్వారు. దస్రుకు ప్రాణం లేచొచ్చింది. కాగితం జేబులో కుక్కి ముందు నడిచాడు. కొంత దూరం పోయాక బాటలో నల్లటి పెంటకుప్ప కనబడితే గొంతుక్కూర్చున్నాడు.

"గిది గుడ్డేలుగుది. రాత్రి పోయింది." ఎలుగుబంటి అనగానే పిల్లలంతా చుట్టూ మూగారు.

టీచరమ్మ అహల్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. "చీ! పిల్లలకు గదేం చూపిస్తున్నవు దస్రన్నా?"

దస్రు పుల్లతో కుప్పను విప్పాడు. లోపలన్నీ రేగు గింజలు. "పండ్లు ఆడ తింటది, గింజలు ఈడ ఏస్తది. వానకు మొలుస్తయి. మనం ఒక్క మొక్క నాటితే పది ఫొటోలు దిగుతం. పాపం, దీనికి ఎవలన్న ఫొటో తీసిండ్రా?"

ఇక పిల్లలను పట్టలేకపోయారు. "తాతా, గిదెవలిది?" అని పొదకొకరు కేకలేశారు. కుందేలుది, దుప్పిది, ముళ్లపందిది. ఒకటి మేకదని తేలితే దొరికినవాడు ఏడుపుమొహం పెట్టాడు. చివరికి అహల్యే ఒకచోట వంగి, "దస్రన్నా, జర ఇటు రా," అని పిలిచింది.

రెండు రోజులకు మిథున్ పరుగున వచ్చాడు. "బడికి పోదాం పా. నీ మీద ఫిర్యాదొచ్చింది!"

బళ్లో తేజస్విని తల్లి భాగ్య కొత్త స్టీలు టిఫిన్ డబ్బాను దూరంగా పట్టుకుని నిలబడి ఉంది. "అన్నం పెడ్దామని మూత తీస్తే పెంట! గిదేనా నువ్వు నేర్పింది?"

ఉద్యోగం పోయిందనుకున్నాడు దస్రు. తేజస్విని మాత్రం బెదరలేదు. "పెంట గాదమ్మా, అండ్ల చెట్లున్నయి."

"ఎన్నున్నయి?" భాగ్య కోపంగానే దస్రును అడిగింది.

దస్రు అక్కడే కూర్చుని ఆ గుడ్డేలుగు పెంటలోని రేగు గింజలను పుల్లతో లెక్కపెట్టాడు. "పదకొండు."

"గా ముండ్లచెట్ల కోసం నా డబ్బ ఖరాబ్ చేసిందా!" అంటూనే భాగ్యకు నవ్వాగలేదు. ఆమె నవ్వగానే అందరూ నవ్వారు. గింజలను ప్రహరీ పక్కన పాతిపెట్టారు. డబ్బాను మాత్రం భాగ్య మళ్లీ ముట్టలేదు.

వానలకు నాలుగు మొలిచాయి. ఒకదాన్ని ఎవరిదో మేక తినిపోయింది. మిగిలిన మూడింటికీ పిల్లలు కంపతో దడి కట్టి, అట్టముక్క మీద పేరు రాసి వేలాడదీశారు: 'నాటినవారు: గుడ్డేలుగు.'