అకౌంటు లేని వాచీ

నేను కరెంటు ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేశాను. అందులో సగం మీటర్లు తనిఖీ చేసే స్క్వాడులోనే గడిచింది. మీటరు తిరుగుతుంటే ఎందుకు తిరుగుతోందని, ఆగిపోతే ఎందుకు ఆగిందని అడగడమే నా ఉద్యోగం. రిటైరయ్యాక కూడా ఆ జబ్బు వదల్లేదు. కోవూరులో మా వీధిలో ఎవరింటి ముందైనా కొత్త బండి ఆగితే నేను రెండుసార్లు చూస్తాను. మా ఆవిడ దీన్ని అనుమానం అంటుంది. నేను జాగ్రత్త అంటాను.

కిందటేడు ఆమె గుండె లయ తప్పి కొట్టుకుంటోందని తేలింది. నెల్లూరు డాక్టరు మాత్రలు రాశాడు. పల్సు వంద దాటుతోందేమో గమనిస్తూ ఉండమన్నాడు, ఎండలో దూరాలు నడవొద్దన్నాడు. ఆ మాట విని ఆమె తమ్ముడు ఒక వాచీ తెచ్చిచ్చాడు. అతను తడ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అడుగులు, పల్సు, నిద్ర, అన్నీ అదే లెక్కేస్తుందని చెప్పాడు.

వాచీతో నాకు పేచీ లేదు. ఫోన్లో వేసుకోవాల్సిన కంపెనీ యాప్‌తోనే వచ్చింది. ముందు అకౌంటు తెరవమంది. పుట్టిన తేదీ, బరువు అడిగింది, సరే అనుకున్నాను. ఆ తర్వాత మేమెక్కడున్నామో ఎప్పుడూ తనకు తెలియాలంది. ఆ పైన ఫోన్లో ఉన్న నంబర్లన్నీ చూస్తానంది. మా ఆవిడ అడుగులు లెక్కపెట్టడానికి మా పాలవాడి నంబరెందుకు? బావమరిది నవ్వి, అందరూ ఓకే కొట్టేస్తారు బావా, ఎవురూ చదవరు అన్నాడు. చదవకుండా సంతకాలు పెట్టి తర్వాత నా దగ్గరికొచ్చి ఏడ్చినవాళ్ళని నేను చాలామందిని చూశాను. నాకు ఒళ్ళు మండింది. నా భార్య గుండె ఎప్పుడెంత కొట్టుకుంటోందో ఏ దేశంలోనో కూర్చుని ఎవడో చూడటమేమిటి?

వారం రోజులు వాచీ డబ్బాలోనే ఉంది. ఈలోగా వెతగ్గా వెతగ్గా ఇంకో యాప్ ఉందని తెలిసింది. ఎవరో ఇష్టంకొద్దీ తయారుచేసి ఊరికే ఇస్తున్నారు. దానికి అకౌంటు అక్కర్లేదు, ఇంటర్నెట్టూ అక్కర్లేదు. వాచీ చెప్పిందంతా మన ఫోన్లోనే ఉండిపోతుంది. ఊరికే ఎందుకిస్తారని దాన్ని కూడా రెండు రోజులు అనుమానించాను. చిక్కల్లా ఒక్కటే. ఆ వాచీకి ముప్పై రెండు అక్షరాల రహస్య సంకేతం ఒకటుంది. అది చెబితేనే వేరే యాప్‌తో మాట్లాడుతుంది. దాన్ని పుట్టించేది మళ్ళీ కంపెనీయే, అదీ ఒక్కసారైనా వాళ్ళ దగ్గర అకౌంటు తెరిస్తేనే.

సిమ్ము లేని పాత ఫోను బయటికి తీశాను. లేని పేరు, లేని పుట్టినరోజు పెట్టి అకౌంటు తెరిచాను. బావమరిది తన ల్యాప్‌టాప్‌లో ఏదో నడిపించి సంకేతాన్ని బయటికి లాగాడు. నేను దాన్ని కాగితం మీద రాసుకుని, నా ఫోన్లో కొట్టాను. ఎనిమిదిని బి అనుకుని రెండుసార్లు తప్పు కొట్టాను, మూడోసారికి వాచీ కలిసింది. వెంటనే ఆ దొంగ అకౌంటు మూసేశాను. పెళ్ళిచూపులప్పుడు మా నాయన మీ గురించి ఇందులో సగం విచారించినా బాగుండేదని మా ఆవిడ ఎగతాళి చేసింది. నేనేమీ పట్టించుకోలేదు. ఇక నిన్నెవరూ చూడరని చెప్పి వాచీ ఆమె చేతికి పెట్టాను.

ఆమె గదిలోకి రాగానే నా ఫోన్ వాచీలో ఉన్న లెక్కలన్నీ లాక్కునేది. మొదట్లో పల్సు ఒక్కటే చూసేవాణ్ణి. పోనుపోను గంటగంటకూ ఏం చేసిందో చూడటం అలవాటైపోయింది. మూడో వారంలో ఒకటి కంటపడింది. శుక్రవారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు లోపల నాలుగు వేల అడుగులు, పల్సు నూట పన్నెండు. శుక్రవారం నేను నెల్లూరులో పింఛనుదార్ల సంఘానికి పోతాను, సాయంత్రానికి గానీ రాను. వెనక్కి తిప్పి చూస్తే అంతకుముందు రెండు శుక్రవారాలూ అంతే. మధ్యాహ్నం ఏం చేశావని ఏమీ ఎరగనట్టు అడిగాను. పడుకున్నానంది.

ఇక నాకు నిలకడ లేదు. మర్నాడు పొద్దున్నే మా గుమ్మం నుంచి లెక్కపెట్టుకుంటూ నేనే నడిచాను. సరిగ్గా రెండు వేల అడుగుల దగ్గర మా వదిన ఇల్లు, అంటే మా ఆవిడ అక్క ఇల్లు. ఆవిడకూ నాకూ ఏళ్ల తరబడి మాటల్లేవు. పోను రెండు వేలు, రాను రెండు వేలు. నా సర్వీసు మొత్తంలో ఇంత చక్కగా కుదిరిన కేసు లేదు. కానీ కోపం కంటే భయమే ఎక్కువేసింది. ఆ ఎండలో, ఆ గుండెతో, దారిలో పడిపోతే నాకెవరు చెబుతారు?

తర్వాతి శుక్రవారం నెల్లూరు బస్సెక్కి, పెన్న వంతెన రాకముందే దిగిపోయాను. వదిన వాళ్ళ వీధి మొదట్లో టీకొట్టు దగ్గర గంటసేపు నిలబడ్డాను. ఆమె రాలేదు. ఇంటికొస్తే తాళం. అప్పుడు మా వీధిలోనే, నాలుగో ఇంట్లోంచి చప్పట్లు వినిపించాయి. ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన. నేను చర్చికి పోవడం మానేసి నాలుగేళ్లయింది. పండగ లైట్లకి స్తంభం మీద కొక్కెం వేసి కరెంటు లాగారని మా చర్చి మీద నేనే కేసు రాశాను. అప్పటినుంచి నేను వాళ్ళకి గిట్టను, వాళ్ళు నాకు గిట్టరు. ప్రార్థన మాటెత్తితే చాలు, మా ఆవిణ్ణి దెప్పేవాణ్ణి. అందుకే నాకు చెప్పకుండా పోతోంది.

కిటికీలోంచి చూశాను. పదిమంది ఆడవాళ్ళ మధ్య ఆమె ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, పాడుతూ చప్పట్లు కొడుతోంది. జేబులోంచి ఫోన్ తీశాను. వాచీ గోడకు ఇవతలి నుంచే దొరికింది. చప్పట్లు పడేకొద్దీ అడుగుల అంకె పెరుగుతోంది. కుర్చీలోంచి లేవకుండానే నా కళ్ళముందు వంద అడుగులు నడిచేసింది. గుండెల మీది బరువు దిగిపోయి నాకు నవ్వొచ్చింది. ఆ సంతోషంలో సాయంత్రం టీకొట్టుతో సహా జరిగిందంతా ఆమెకు చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను.

నవ్వలేదు. "అయితే మధ్యాన్నం ఏం చేసినావని ఆ రోజు నన్నడిగినప్పుడు, మీకు తెలిసే అడిగినారు" అంది.

అంకెలే తెలుసు, సంగతి తెలియదన్నాను.

"కంపెనీవోళ్ళు చూస్తారని అంత రభస చేసినారే. వాళ్ళకి నేనెవురో కూడా తెలవదు. మీకు తెలుసు."

వాచీ తీసి టీవీ పక్కన పెట్టింది. నీ ఆరోగ్యం కోసమే కదా అని వాదించాను, క్షమించమని మాత్రం అనలేదు. పది రోజులకు వాచీలో చార్జింగు అయిపోయింది. అంత కష్టపడి కలిపినదాన్ని పక్కన పడేసిందని నాకు ఉడుకుమోత్తనం. బియ్యం గురించి, గ్యాసు గురించి మాట్లాడుకున్నాం. గుండె మాట నేనెత్తలేదు, ఆమే మళ్ళీ పెట్టుకుంటుందిలే అని ఊరుకున్నాను.

నెల తిరక్కుండానే డాక్టరు రమ్మన్న రోజు వచ్చింది. గమనించమన్న పల్సు లెక్కలేవని ఆయన నన్నడిగాడు. పల్సు చూసే వాచీ పాడైపోయిందని అబద్ధం చెప్పాను. ఆయన ఆమె వైపు తిరిగాడు. మధ్యాహ్నం పూట దడ వస్తోందని, రెండుసార్లు వంటింట్లో నేల మీద కూలబడిపోయానని ఆమె చెప్పింది. మూడు వారాలుగా ఇదే వరసట. ఆ రెండుసార్లూ నేను పక్కగదిలో పేపరు చదువుతూ ఉండి ఉంటాను. ఇంట్లో చెప్పలేదా అమ్మా అని డాక్టరు అడిగితే, ఆమె మామూలుగానే, "ఆయన అడగలా సార్" అంది. నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు.

ఈసీజీ తీసి, మాత్ర మార్చి పంపించారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, పెన్న వంతెన మీద వేడిగాలి కొడుతోంది. ఆమె కొంగు తల చుట్టూ లాక్కుని కూర్చుంది. ఇప్పుడెట్లుంది అని అడిగాను.

ఆమె నా చొక్కా జేబులో ఉన్న ఫోన్ వైపు చూసింది. తర్వాత నా మొహంలోకి చూసింది.

"ఎందుకడగతా ఉండారు?" అంది.